గవర్నర్‌ని ఎన్నుకుంటారు.. అధ్యక్షుడికి మాత్రం ఓటు వేయలేరు: గువామ్ దీవి ఎన్నికల కథేంటి?

గవర్నర్ అంటే మనకు కేంద్రం పంపించే పెద్దమనిషే గుర్తొస్తారు. రాష్ట్రపతి నియమిస్తారు, అసెంబ్లీలో ప్రసంగం చదువుతారు, బిల్లుల మీద సంతకం పెడతారు. అసలు పాలన మాత్రం ముఖ్యమంత్రిదే. కానీ పసిఫిక్ మహాసముద్రంలోని ఓ బుల్లి దీవిలో ముఖ్యమంత్రి అనే పదవే లేదు. అక్కడ గవర్నరే సర్వం. ఆ గవర్నర్‌ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. అసెంబ్లీ లాంటి చట్టసభనూ వాళ్లే ఎన్నుకుంటారు.

ఆ దీవి పేరు గువామ్. అక్కడ పుట్టినవాళ్లంతా అమెరికా పౌరులే. చేతిలో ఉండేది అమెరికా పాస్‌పోర్టు, జేబులో ఉండేది డాలర్లు. అయినా అమెరికా అధ్యక్షుడి ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. 2026 నవంబర్‌లో గవర్నర్ పదవికి మళ్లీ ఎన్నికల గడువు కావడంతో ఈ వింత వ్యవస్థ ఎలా పనిచేస్తుంది, ఇక్కడి ఓటుకు ఎంత విలువ ఉంది అనేది తెలుసుకోవాల్సిన విషయమే.

ఎక్కడుందీ గువామ్?

పశ్చిమ పసిఫిక్‌లోని మరియానా దీవుల్లో అన్నిటికంటే పెద్దది, దక్షిణాన చిట్టచివర ఉన్నది గువామ్. విస్తీర్ణం దాదాపు 540 చదరపు కిలోమీటర్లు. అంటే పాత జీహెచ్ఎంసీ పరిధి కంటే కూడా చిన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 1,53,836 మంది. ఏపీలో ఒక సగటు అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లే అంతకంటే ఎక్కువ ఉంటారు. రాజధాని హగాట్నా. స్థానిక ప్రజలను చమోరోలు అంటారు. ఇంగ్లిష్‌తో పాటు చమోరో కూడా అధికార భాషే.

గడియారం లెక్కన మన కంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది గువామ్. 'అమెరికాలో రోజు మొదలయ్యేది ఇక్కడే' అని దీవి వాసులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ లెక్కన చూస్తే అమెరికా జెండా కింద పోలింగ్ కేంద్రాలు అందరికంటే ముందు తెరుచుకునే చోట్లలో ఇదొకటి.

దీవి చిన్నదే అయినా ప్రాధాన్యం చిన్నది కాదు. ఆండర్సన్ వైమానిక స్థావరం, నౌకాదళ స్థావరం, మెరైన్ల కోసం కట్టిన క్యాంప్ బ్లాజ్.. అన్నీ ఇక్కడే ఉన్నాయి. దీవి భూమిలో నాలుగో వంతుకు పైగా అమెరికా సైన్యం చేతిలోనే ఉంది. చైనాతో గానీ ఉత్తర కొరియాతో గానీ ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ గువామ్ పేరు వార్తల్లోకి వచ్చేది అందుకే.

నౌకాదళం పాలన నుంచి బ్యాలెట్ దాకా..

గువామ్ అమెరికా చేతికి వచ్చిన తీరే ఓ సినిమా సీన్‌లా ఉంటుంది. 1898లో అమెరికా, స్పెయిన్ మధ్య యుద్ధం మొదలైంది. అప్పటికి గువామ్ స్పెయిన్ వలస. అమెరికా యుద్ధనౌక 'చార్లెస్టన్' వచ్చి ఫిరంగులు పేల్చింది. యుద్ధం వచ్చిన సంగతే తెలియని స్పెయిన్ అధికారులు అది గౌరవ వందనం అనుకున్నారు. బదులుగా వందనం చేయలేకపోయామని చెప్పడానికి పడవలో ఎదురెళ్లారు. అక్కడికి వెళ్లాక తెలిసింది.. తాము బందీలమని!

అదే ఏడాది పారిస్ ఒప్పందంతో దీవి అధికారికంగా అమెరికాకు దక్కింది. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు నౌకాదళ అధికారులే గవర్నర్లు. మధ్యలో 1941 డిసెంబర్ నుంచి 1944 జులై దాకా జపాన్ ఆక్రమించింది. ఎవరి పాలనలోనూ స్థానికుల మాటకు విలువ లేదు. 'గువామ్ కాంగ్రెస్' పేరుతో ఓ సభ ఉన్నా, చివరి మాట నౌకాదళ గవర్నర్‌దే.

ఈ పరిస్థితి మీద తిరుగుబాటు 1949 మార్చిలో జరిగింది. సభ విచారణ అధికారాలను నౌకాదళ గవర్నర్ గుర్తించకపోవడంతో ప్రతినిధుల సభ సభ్యులు వాకౌట్ చేశారు. దీవిలో జరిగిన ఈ చిన్న నిరసన అమెరికా పత్రికలకు ఎక్కింది. అప్పటికే నడుస్తున్న చర్చ వేగం పుంజుకుంది. 1950 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ 'గువామ్ ఆర్గానిక్ యాక్ట్' మీద సంతకం చేశారు. ఈ చట్టమే ఇప్పటికీ గువామ్‌కు రాజ్యాంగం లాంటిది. దీంతోనే అక్కడివాళ్లకు అమెరికా పౌరసత్వం, చట్టాలు చేసే అధికారమున్న ఏకసభ చట్టసభ వచ్చాయి.

అయితే ఒక మెలిక మిగిలిపోయింది. చట్టసభను జనం ఎన్నుకుంటారు కానీ గవర్నర్‌ని మాత్రం వాషింగ్టనే పంపిస్తుంది. చమోరో వ్యక్తి ఆ కుర్చీలో కూర్చోవడానికే 1960 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన పేరు జోసెఫ్ ఫ్లోరెస్. ఆయన కూడా నియమితుడే, ఎన్నికైనవారు కాదు. చివరికి 1968లో గవర్నర్‌ని ఎన్నుకునే హక్కు కల్పిస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 1970 నవంబర్‌లో తొలి ఎన్నిక జరిగింది. ఆ పోరులో రిపబ్లికన్ అభ్యర్థి కార్లోస్ కమాచో గెలిచారు. 1898 నుంచి లెక్కేస్తే, తమ పాలకుడిని తామే ఎంచుకోవడానికి గువామ్ ప్రజలు 72 ఏళ్లు ఎదురుచూశారన్నమాట.

గవర్నర్ ఎన్నిక ఎలా జరుగుతుంది?

గవర్నర్ పదవీకాలం నాలుగేళ్లు. అభ్యర్థి ఒంటరిగా పోటీ చేయరు. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ ఇద్దరూ జోడీగా బరిలోకి దిగుతారు. ఓటరు ఆ జోడీకి కలిపి ఒకే ఓటు వేస్తారు. పోటీ చేయాలంటే వరుసగా ఐదేళ్లుగా గువామ్‌లో నివాసం ఉండాలి, పదవి చేపట్టే నాటికి 30 ఏళ్లు నిండాలి.

ముందుగా ఆగస్టులో ప్రైమరీ ఉంటుంది. డెమొక్రాట్, రిపబ్లికన్ పార్టీలు తమ జోడీని ఎంచుకునేది ఇక్కడే. ఆ తర్వాత నవంబర్‌లో అసలు ఎన్నిక. ఒకరు వరుసగా రెండుసార్లు మాత్రమే గవర్నర్‌గా ఉండొచ్చు. మూడోసారి పోటీ చేయాలంటే మధ్యలో ఒక టర్మ్ గ్యాప్ ఇవ్వాల్సిందే. 2018లో గెలిచి గువామ్ తొలి మహిళా గవర్నర్ అయిన లూ లియోన్ గెరెరో 2022లో మళ్లీ గెలిచారు. అందుకే 2026లో ఆమె బరిలో ఉండే వీల్లేదు.

2022లో ఆమె ఓడించింది ఎవరినో తెలుసా? మాజీ గవర్నర్ ఫెలిక్స్ కమాచోను. తొలి ఎన్నికల విజేత కార్లోస్ కమాచో కుమారుడే ఈయన. లక్షన్నర జనాభా ఉన్న దీవిలో రాజకీయం అంటే చాలావరకు కుటుంబాల మధ్య పోటీయే. తెలుగు రాష్ట్రాల రాజకీయాలు చూసేవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు.

ఇక ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన రూల్ ఒకటుంది. మన దగ్గర ప్రత్యర్థి కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, గెలిచినట్టే. గువామ్ గవర్నర్‌కి అది సరిపోదు. పోలైన ఓట్లలో సగానికి పైగా రావాలి. ఎవరికీ రాకపోతే మొదటి రెండు జోడీల మధ్య 14వ రోజున రన్‌ఆఫ్ పెడతారు. వినడానికి తేలికగానే ఉంది. కానీ 'పోలైన ఓట్లు' అంటే ఏంటి అన్న ప్రశ్న ఏకంగా అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

ఖాళీ బ్యాలెట్ కూడా ఓటేనా? 1998లో ఏం జరిగింది?

1998 ఎన్నికల్లో డెమొక్రాట్ జోడీ కార్ల్ గుటియెరెజ్, మడలీన్ బోర్డాలోకు 24,250 ఓట్లు వచ్చాయి. రిపబ్లికన్ జోడీ జోసెఫ్ అడా, ఫెలిక్స్ కమాచోకు 21,200. బ్యాలెట్ మీద లేని పేర్లు రాసి వేసిన ఓట్లు 1,294. గవర్నర్ దగ్గర ఏ గుర్తూ పెట్టకుండా వదిలేసినవి 1,313. రెండు జోడీలకూ గుర్తు పెట్టి చెల్లకుండా పోయినవి 609.

ఇప్పుడు లెక్క చూడండి. అన్ని బ్యాలెట్లూ కలిపితే 48,666. అందులో 24,250 అంటే 49.83 శాతం. సగానికి కొంచెం తక్కువ. అదే ఖాళీగా వదిలేసినవి పక్కనపెడితే 51.21 శాతం. మెజారిటీ వచ్చేసినట్టే. ఒకే ఎన్నిక, అవే ఓట్లు. లెక్కించే పద్ధతి మారితే గెలుపు కాస్తా రన్‌ఆఫ్ అయిపోతుంది!

ఎన్నికల కమిషన్ గుటియెరెజ్ గెలిచారని ప్రకటించింది. అడా జోడీ కోర్టుకెళ్లింది. బూత్‌కి వచ్చి ఖాళీ బ్యాలెట్ వేసినా అది ఆ ఎన్నికలో పోలైన ఓటే కదా అని వాదించింది. జిల్లా కోర్టు, అప్పీళ్ల కోర్టు రెండూ ఆ వాదనకే మొగ్గు చూపాయి. రన్‌ఆఫ్ జరపాల్సిందే అన్నాయి. కానీ 2000 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పులను కొట్టేసింది. గవర్నర్ ఎన్నిక అంటే గవర్నర్ కోసం వేసిన ఓట్లే లెక్క, వేరే పదవికి ఓటేయడానికి వచ్చి ఇక్కడ ఖాళీగా వదిలేసినవాళ్లను కలపకూడదు అని తేల్చింది. అప్పటికే పదవిలో ఉన్న గుటియెరెజ్ అలాగే కొనసాగారు.

ఈ తీర్పు ఇప్పటికీ ముఖ్యమే. ఎందుకంటే గువామ్‌లో మూడో అభ్యర్థి బరిలోకి దిగితే సగం మార్కు దాటడం కష్టమవుతుంది. 2018లో అదే జరిగింది. డెమొక్రాట్ ప్రైమరీలో స్వల్ప తేడాతో ఓడిన ఫ్రాంక్ అగువాన్ వెనక్కి తగ్గలేదు. బ్యాలెట్ మీద పేరు లేకపోయినా, ఓటర్లే తన పేరు రాసి ఓటేయాలని ప్రచారం చేశారు. అలా రాసినవాళ్లు వేలల్లో ఉన్నారు. అయినా లూ లియోన్ గెరెరో 50 శాతం గీత కొద్దిగా దాటి, రన్‌ఆఫ్ అవసరం లేకుండా బయటపడ్డారు.

15 సీట్లు.. ఒక్క నియోజకవర్గం కూడా లేదు!

గువామ్ చట్టసభలో ఒకే సభ ఉంటుంది. సభ్యులను సెనేటర్లు అంటారు. ఒకప్పుడు 21 మంది ఉండేవారు. ఖర్చు తగ్గించాలని 1996లో జనమే రిఫరెండంలో ఓటేసి ఆ సంఖ్యను 15కి దించేశారు. పదవీకాలం రెండేళ్లే. అంటే గవర్నర్ ఎన్నికతో పాటు ఒకసారి, మధ్యలో ఒకసారి ఎన్నికలొస్తాయి.

ఇక్కడ అసలు విశేషం ఏంటంటే నియోజకవర్గాలు ఉండవు. దీవి మొత్తం ఒకే నియోజకవర్గం. ఒక్కో ఓటరు గరిష్ఠంగా 15 మందికి ఓటేయొచ్చు. ఎక్కువ ఓట్లు వచ్చిన తొలి 15 మంది సెనేటర్లు అవుతారు. దీనివల్ల సెనేటర్ తన ఊరికి మాత్రమే కాకుండా దీవి అంతటికీ జవాబుదారీగా ఉంటారన్నది ఒక వాదన. పేరున్న కుటుంబాలకే లాభం, మారుమూల గ్రామాల గోడు ఎవరికీ పట్టదన్నది రెండో వాదన. ఊరి స్థాయి సమస్యలకు మాత్రం వేరే ఏర్పాటు ఉంది. 19 గ్రామాలకు మేయర్లను విడిగా ఎన్నుకుంటారు. అటార్నీ జనరల్, పబ్లిక్ ఆడిటర్ పదవులకు కూడా ఎన్నికలే.

ప్రచారం ఎలా ఉంటుందంటే.. భారీ బహిరంగ సభల కంటే గ్రామాల్లో చిన్న చిన్న మీటింగులకే ప్రాధాన్యం. రోడ్ల పక్కన ప్లకార్డులు పట్టుకుని వచ్చేపోయే కార్లకు చేతులూపడం అక్కడ మామూలు దృశ్యం. అభ్యర్థి ఎవరో, వాళ్ల అమ్మానాన్నలు ఎవరో ఓటరుకు ముందే తెలిసి ఉంటుంది.

గవర్నర్‌కీ సభకీ పడకపోతే?

2024 ఎన్నికల్లో ఓటర్లు సభను తిప్పేశారు. అప్పటిదాకా డెమొక్రాట్ల చేతిలో ఉన్న సభలో రిపబ్లికన్లు 9 సీట్లు గెలిచారు, డెమొక్రాట్లకు 6 మిగిలాయి. గవర్నర్ ఒక పార్టీ, సభ మరో పార్టీ.

ఇలాంటప్పుడు ఏం జరుగుతుంది? సభ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ సంతకం పెట్టొచ్చు, లేదా వీటో చేయొచ్చు. గడువులోగా ఏమీ చేయకపోతే బిల్లు సంతకం లేకుండానే చట్టమైపోతుంది. బిల్లును నెలల తరబడి పక్కన పెట్టుకుని కూర్చునే అవకాశం అక్కడ లేదు. వీటోని సభ తోసిపుచ్చాలంటే మూడింట రెండొంతుల మెజారిటీ, అంటే 15లో 10 ఓట్లు కావాలి. కాబట్టి 9 సీట్లున్నా రిపబ్లికన్లకు ఇంకొక్కరి మద్దతు తప్పనిసరి. ఈ 10 నంబర్ ఎంత కీలకమో అబార్షన్ల వివాదంలో తెలిసొచ్చింది. 2022 చివర్లో అబార్షన్లను కట్టడి చేస్తూ సభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి కావాల్సిన 10 ఓట్లు దొరకలేదు, బిల్లు అక్కడితో ఆగిపోయింది.

గవర్నర్‌ని మధ్యలోనే దించే రీకాల్ నిబంధన కూడా ఆర్గానిక్ యాక్ట్‌లో ఉంది. సభలో మూడింట రెండొంతుల మంది తీర్మానించినా, తగినంత మంది ఓటర్లు సంతకాలు చేసి కోరినా రిఫరెండం పెట్టొచ్చు.

మరి వాషింగ్టన్‌లో వీళ్ల మాట చెల్లుతుందా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గువామ్ ఓటరుకు దీవి లోపల పూర్తి హక్కులున్నాయి. దీవి దాటితే మాత్రం చేతిలో ఏమీ లేదు. అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీలో గువామ్‌కి చోటు లేదు. అమెరికా సెనేట్‌లో ప్రతినిధి లేరు. దిగువ సభకు 1972 నుంచి ఒక డెలిగేట్‌ని ఎన్నుకుంటున్నారు. ఆయన కమిటీల్లో ఓటేయొచ్చు, సభలో మాట్లాడొచ్చు. బిల్లు మీద ఆఖరి ఓటింగ్ జరిగేటప్పుడు మాత్రం ఓటు ఉండదు. అంతేకాదు, గువామ్ సభ చేసిన ఏ చట్టాన్నైనా రద్దు చేసే అధికారం అమెరికా కాంగ్రెస్‌కి ఉందని ఆర్గానిక్ యాక్టే చెబుతోంది.

ఓ అమెరికన్ పారిస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే, సొంత రాష్ట్రం ద్వారా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు పంపించవచ్చు. అదే వ్యక్తి గువామ్‌కి మారి స్థిరపడితే ఆ హక్కు పోతుంది. విదేశంలో ఉంటే ఉన్న ఓటు, అమెరికా గడ్డ మీదే ఉంటే లేదు!

దీనికి నిరసనగానో, సరదాగానో గువామ్ వాసులు అధ్యక్ష ఎన్నిక రోజున ఒక ఉత్తుత్తి పోలింగ్ పెట్టుకుంటారు. దాని ఫలితం ఎక్కడా లెక్కకు రాదు. అయినా 1984 నుంచి 2012 దాకా గువామ్ ఎవరిని ఎంచుకుందో వాళ్లే అధ్యక్షులయ్యారు. 2016లో హిల్లరీ క్లింటన్ వైపు మొగ్గడంతో ఆ రికార్డుకు బ్రేక్ పడింది. 2024లో కమలా హారిస్‌కే ఎక్కువ ఓట్లు వచ్చాయి.

ఓటు లేకపోతే ఏం నష్టం అంటారా? ఒక ఉదాహరణ చూద్దాం. గువామ్ ఆదాయపు పన్ను చట్టం అమెరికా చట్టానికి అద్దం లాంటిది. అక్కడ రేటు తగ్గితే ఇక్కడా తగ్గుతుంది. తేడా ఏంటంటే ఆ పన్ను డబ్బులు గువామ్ ఖజానాకే వస్తాయి. 2017 చివర్లో వాషింగ్టన్‌లో ట్రంప్ ప్రభుత్వం పన్నులు తగ్గించింది. ఫలితంగా గువామ్ ఖజానాకు గండి పడింది. ఆ నిర్ణయంలో గువామ్‌కి ఒక్క ఓటు కూడా లేదు. గండి పూడ్చడానికి 2018లో స్థానిక ప్రభుత్వం వ్యాపార లావాదేవీల పన్నును 4 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. ఆ భారం చివరికి దుకాణంలో సరుకు కొనేవాళ్ల మీదే పడింది. దాదాపు అన్నీ ఓడల్లో రావాల్సిన దీవిలో ధరలు అప్పటికే ఎక్కువ.

ఇంకోటి. నిరుపేద వృద్ధులకు, వికలాంగులకు అమెరికా ఇచ్చే 'సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్' సాయం గువామ్‌కి వర్తించదు. పక్కనే ఉన్న ఉత్తర మరియానా దీవులకు మాత్రం వర్తిస్తుంది. మధ్యలో ఉన్నది కొద్దిపాటి సముద్రమే. అక్కడివాళ్లకు ఇక్కడివాళ్లకు తేడా మాత్రం చట్టంలో ఉంది.

అండమాన్‌తో పోలిస్తే..

మన అండమాన్ నికోబార్ దీవులు దీనికి సరిగ్గా రివర్స్. తెలుగువాళ్లు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండే ఈ కేంద్రపాలిత ప్రాంతానికి అసెంబ్లీ లేదు. ఢిల్లీ నియమించిన లెఫ్టినెంట్ గవర్నరే పాలిస్తారు. కానీ అక్కడి నుంచి గెలిచిన ఒక్క ఎంపీకి లోక్‌సభలో మిగతా ఎంపీలతో సమానంగా ఓటుంది. ప్రధానిని నిలబెట్టడంలో, పడగొట్టడంలో ఆ ఓటు లెక్కకు వస్తుంది. గువామ్‌కి సొంత ఇంట్లో పెత్తనం ఉంది, దేశంలో ఓటు లేదు. అండమాన్‌కి దేశంలో ఓటుంది, సొంత ఇంట్లో పెత్తనం లేదు.

మిగతా అమెరికా దీవుల్లో?

అమెరికా ఏలుబడిలోని ఇతర దీవుల్లోనూ గవర్నర్ ఎన్నికలు ఉన్నాయి. కరేబియన్‌లోని వర్జిన్ ఐలాండ్స్‌లోనూ 1970లోనే మొదలయ్యాయి, సభలో 15 మందే. ఉత్తర మరియానాలో తొలి గవర్నర్ పేరు కూడా కార్లోస్ కమాచోయే, కానీ గువామ్ కమాచో వేరు, ఆయన వేరు. అమెరికన్ సమోవా తీరు ఇంకా భిన్నం. అక్కడ గవర్నర్‌ని, దిగువ సభను జనం ఎన్నుకుంటారు. ఎగువ సభకు మాత్రం సంప్రదాయం ప్రకారం కులపెద్దల్లాంటి 'మటాయ్'లను ఎంపిక చేస్తారు. సమోవాలో పుట్టినవాళ్లకు పుట్టుకతో పూర్తి పౌరసత్వం కూడా రాదు.

తేలని అసలు ప్రశ్న

గువామ్ రాష్ట్రం కావాలా, స్వతంత్ర దేశం కావాలా, లేక మధ్యేమార్గమా? ఈ ప్రశ్న ఏళ్లుగా నలుగుతూనే ఉంది. 1982 రిఫరెండంలో జనం 'కామన్‌వెల్త్' హోదాకే ఓటేశారు. అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. తర్వాత మరో ప్రజాభిప్రాయ సేకరణకు సన్నాహాలు చేశారు. అందులో 1950 చట్టంతో పౌరులైన 'స్థానిక నివాసులు', వాళ్ల వారసులకే ఓటు అన్నారు. ఇది జాతి ఆధారంగా ఓటు నిరాకరించడమేనని ఫెడరల్ కోర్టు 2017లో కొట్టేసింది. అప్పీళ్ల కోర్టు సమర్థించింది. 2020లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోడానికి నిరాకరించింది. వలసపాలనకు గురైనవాళ్లే తమ భవిష్యత్తు తేల్చుకోవాలన్నది చమోరో నేతల మాట. పన్ను కట్టే, ఓటున్న పౌరుడెవరినీ పక్కన పెట్టకూడదన్నది రాజ్యాంగం మాట. రెండిటి మధ్యా గువామ్ ఇరుక్కుపోయింది. ఐక్యరాజ్యసమితి ఇప్పటికీ ఈ దీవిని స్వయంపాలన దక్కని ప్రాంతాల జాబితాలోనే ఉంచింది.

ఫలితాల వేళ ఏం చూడాలి?

గువామ్ ఎన్నికల వార్త కంటపడితే మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది 50 శాతం. గవర్నర్ జోడీ ఆ గీత దాటకపోతే రెండు వారాల్లో మళ్లీ పోలింగ్. రెండోది 8. చట్టసభలో మెజారిటీకి కావాల్సిన సీట్లు అవే. మూడోది 10. గవర్నర్ వీటో చేసినా చట్టం చేయించుకోగల సత్తా సభకు ఉందో లేదో చెప్పేది ఆ అంకెే. కరెంటు బిల్లులు, ఆస్పత్రి, ఇళ్ల అద్దెలు, సైన్యం చేతిలోని భూములు.. దీవి ప్రజల రోజువారీ బతుకును తాకే ప్రతి నిర్ణయమూ ముందుగా ఈ మూడు అంకెల మధ్యే తేలాలి. ఆ తర్వాత వాషింగ్టన్ ఏమంటుందో చూడాలి.